దిమ్మ కింద జానెడు

మూరోస్ రేవులో మార్చి వాన
గంటకోసారి మనసు మార్చుకుంటుంది.
ఫ్రెంచివాడి దగ్గర చవగ్గా కొన్న పడవని
దిమ్మల మీద నిలబెట్టి
దాని ఇనుప వెన్ను కింద వెల్లకిలా పడుకున్నాను.

గ్రైండర్ పెడితే ముందు నీలం రాలింది.
నీలం కింద నలుపు, నలుపు కింద ఇటుక రంగు,
దాని కింద లప్పం,
లప్పం మీద ఎవరిదో బొటనవేలి ముద్ర.
నాకంటే ముందు ఎంతమంది ఇక్కడ పడుకుని
ఇదే ఆఖరి పూత అనుకున్నారో.

ఎలాదియో వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.
"సీససిందూరం పుయ్యి. మా రోజుల్లో అదే."
అమ్మడం మానేసి ఎన్నేళ్ళయిందో అతనికీ తెలుసు.
షెడ్డులో ఒక డబ్బా దాచుకున్నాడు,
మూత తీసి చూపించాడు గానీ ఇవ్వలేదు.
ఆ రంగు కలిపిన చేతులతోనే రొట్టె తిని
వాళ్ళన్నకి ముప్పై ఏళ్ళకే మణికట్లు వాలిపోయాయి.
అదీ అతనే చెప్పాడు, మూత బిగిస్తూ.

రంగుల కొట్లో ఉషీయా లెక్క వేరు.
జింకు ప్రైమర్ గట్టు మీది ఇనుముకట, నీళ్ళలో దానికి కాదు.
ఎపాక్సీ ఐదు పూతలు, ఆపైనే నాచు పట్టని రంగు.
ఆ రంగులో రాగి ఉంటుంది,
ఉప్పునీళ్ళలో రాగికీ ఇనుముకీ కాపురం కుదరదు,
అరిగిపోయేది ఇనుమే.
ధర చెప్పింది.
ఆల్చిప్పల తెప్పల మీద నా రెండు నెలల కూలి.
తారు కలిపిన చవకరకం లేదా అన్నాను.
"నీ ఇష్టం. పడవ నీదే, ఈతా నీదే."

ఎపాక్సీ కొన్నాను.

తళతళలాడేదాకా గీకిన ఇనుము
నేను కాఫీ తాగొచ్చేసరికి
లేత పసుపు, పసిపిల్ల కామెర్లలాగా.
మళ్ళీ గీకాను. ఈసారి కాఫీ లేదు.
తుప్పు మీద రంగంటే
తడిగుడ్డతో గొంతు కొయ్యడమే,
ఎవరి గొంతన్నది నడిసముద్రంలో తెలుస్తుంది.

బూడిద, తెలుపు, బూడిద, తెలుపు, బూడిద.
చెయ్యి ఎక్కడ తప్పిందో కంటికి దొరకాలని.

మిగిలింది దిమ్మ కింద జానెడు,
పడవ బరువంతా కూర్చున్న చోటు.
క్రేను ఎత్తినప్పుడే దానికి గాలి.
ఫ్రొయిలాన్ ఇచ్చేది పది నిమిషాలు,
ఎపాక్సీ ఆరడానికి ఆరు గంటలు.
భోజనం అయ్యేదాకా పైనే ఉంచమని బతిమాలాను.
ఆటు మొదలైందని నీళ్ళకేసి చెయ్యి చూపించాడు.

పట్టీల మధ్య పడవ ఊగుతోంది.
ఆ జానెడూ గీకి కుంచె తీసుకునేలోగా
ఎలాదియో వచ్చాడు,
కుడిచేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని,
ఎడంచేత్తో ఆ డబ్బా.
ఏమీ అడగకుండా పూశాడు. నేను వద్దనలేదు.
వద్దనాల్సిందేనని
ఉషీయా అయితే అనేది.

తడి ఎరుపుతోనే దిగింది.
నీళ్ళ మీద చిన్న తెట్టు
విచ్చుకుని, పల్చబడి, పోయింది.

ఎలాదియో సంచి లోపలిది బయటికి తిరగేసి
ముడేసి జేబులో పెట్టుకున్నాడు.
భోజనానికి వెళ్ళేముందు
కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు,
మళ్ళీ కడుక్కున్నాడు.