చుక్కల గీత

పర్లాకిమిడి కోర్టు గేటుకి ఎడమ పక్క
రేకుల షెడ్డులో మూడో మిషను నాది.
ఒడియా, తెలుగు, ఇంగ్లీషు.
పేజీకి పన్నెండు రూపాయలు, తప్పులు ఉచితం.

కాశీనగరం బస్సు దిగి దాలమ్మ వచ్చింది
జముకుని పాత చీరముక్కలో చుట్టుకొని.
"బాబూ, నా పాట నానే పాడితే నేరమేటి?
మనవరాలు గుంట సెల్లులో ఎట్టింది,
నాలుగ్రోజులకి తీసీసినారు.
అక్కులు కంపినీవంట.
కంపినీకి గొంతుంటాదా?"

బల్ల మీద పద్నాలుగు పేజీలు పరిచింది.
ప్రతి పేజీ అడుగునా నీలంగా ఆమె వేలిముద్ర.
మొదటి పేజీలోనే నా వేళ్ళు గతుక్కుమన్నాయి:
ఒక అక్షరం వరసలో నిలబడక పైకెగురుతుంది,
అది నా మిషనుకే ఉన్న జబ్బు.

నేను కొట్టినవే.
నాలుగేళ్ళ కిందట, పుష్యమాసం చలిలో
నల్లద్దాల కుర్రాడొకడు వెనకాల నిలబడి
"తొందరగా అన్నా, స్టూడియోకి గంటల లెక్కన అద్దె" అన్నాడు.
నూట డెబ్బయి ఇచ్చి
రెండు రూపాయల చిల్లర ఉంచుకోమన్నాడు.
ఆమెకి రెండు వేలు, ఒక నైలాన్ చీర.

కొట్టేటప్పుడు చదవలేదు. ఇప్పుడు చదివి చెప్పాను.
"ఇప్పుడున్న యంత్రాల్లోనూ, ఇకమీదట పుట్టబోయే యంత్రాల్లోనూ,
సమస్త విశ్వమంతటా..."
"విశ్వమంటే?"
"భూమి, చంద్రుడు, చుక్కలు. అన్నీ."
"కాశీనగరం కూడానా?"
"కూడా."
పక్క మిషన్లు ఆగేటంత నవ్వు నవ్వింది.
"సుక్కల్లో ఎవులు ఇంటారని కొన్నాడ్రా ఆడు!"

తర్వాత ఒక్కో ప్రశ్నా మూట విప్పింది.
పాట అత్త నేర్పింది, అత్తకి వాళ్ళ మేనత్త.
రాసింది ఎవులంటే ఏ పేరు చెప్పాల?
ఎవరిదో తెలీని పాత పాటకి యజమాని లేడమ్మా,
పాడిన గొంతుకి మాత్రం వేరే హక్కుంది.
పాట కవర్లో పెట్టి
తన పేరుకి తనే రిజిస్టరు పోస్టు చేసుకుంటే సాలంట కదా?
స్టాంపుల ఖర్చు తప్ప ఏమీ రాదు.
వంశధార పొంగిన ఏడు నడుమ ఏడు చరణాలు తను కట్టింది,
కాయితం మీద ఎట్టలేదు, నోట్లోనే ఉన్నాయి.
అవెవులివి?
దానికి జవాబు నా దగ్గర లేదు.
లేదని చెప్పడానికి కొంచెం సిగ్గేసింది,
పన్నెండు రూపాయలకి విశ్వాన్ని రాసిచ్చిన వేళ్ళు కదా ఇవి.

పదకొండో పేజీ దగ్గర ఆగాను.
"కాలపరిమితి" అని ఉంది, ఆ పక్కన చుక్కలు.
కుర్రాడిచ్చిన చిత్తులో చుక్కలున్నాయి,
చుక్కలే కొట్టాను. నేను అడగలేదు,
వాడు నింపలేదు.

పాణిగ్రాహి వకీలు గారు బరా తింటున్నారు.
ఆకు దొప్ప పక్కన పెట్టి, వేలు పంచెకి తుడుచుకొని
ఆ చుక్కల మీద ఆనించారు.
"ఎన్నాళ్ళకో రాయకపోతే చట్టం అయిదేళ్ళే లెక్కేస్తుంది.
వాళ్ళు వాదిస్తారులే, వాదించనీ.
ఆ ఏడు చరణాలూ ఈ రాత్రే ఎవరిచేతైనా రాయించు."
మళ్ళీ దొప్ప అందుకున్నారు.

గోడ మీది ఒడియా కేలండరుకి ఇంకా పై ఏడు పుట్టలేదు,
చివరి పేజీ వెనకాల పెన్సిలుతో రాసుకున్నాను:
వచ్చే పుష్యం, దాలమ్మ.
నోటీసు ఒక పేజీకి దించాను.
ఎగిరే అక్షరాన్ని ఈసారి
బ్లేడుతో గీకి, చేత్తో సరిదిద్దాను.

"ఎంతివ్వాల?"
"పది. రెండు రూపాయలు నీవి నా దగ్గరున్నాయి."
ఎప్పటివని అడగలేదు. కొంగు ముడి విప్పి పది పెట్టి,
రసీదు కావాలంది.
ఇన్నేళ్ళలో నన్ను రసీదు అడిగినవాళ్ళు లేరు,
సొరుగు అడుగున పుస్తకం చెదలు కొట్టి ఉంది.
పేరు, తేదీ, మొత్తం, దేనికి.
చుక్కలున్న చోటల్లా నేను నింపేదాకా
కాగితం మీంచి కన్ను తియ్యకుండా
జముకు మీద వేలితో చిన్నగా తాళం వేస్తూ కూచుంది.