లైన్ క్లియర్

ఈ వేల్స్ లోయలో బొగ్గు బండ్లు ఆగి నలభై ఏళ్ళు.
యార్డు కంకర మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేదు.
ఆ నల్లరాళ్ళ వేడికే
మోకాలెత్తున పసుపు పూలు.

శనివారం పొద్దున్నే డిలిస్ ప్రాసర్ వస్తుంది,
చెవి మీద పెన్సిలు, రబ్బరు బూట్లు.
తుప్పు రేకు అంచు పట్టి ఎత్తుతుంది
అన్నం ఉడికిందో లేదో మూత తీసి చూసినట్టు.
కింద, రాగి తీగల్లా చుట్టుకుని
కాళ్ళు లేని బల్లులు.
"నాలుగు, రాసుకో" అంటుంది.
"ఒకటి కడుపుతో ఉంది."

వాళ్ళ నాన్న ఇక్కడే పాయింట్స్‌మన్.
రెండు వేళ్ళు ఈ యార్డులోనే పోయాయి.
ఎక్కడ అని అడిగితే
బిర్చ్ చెట్ల గుంపు వైపు గడ్డం ఎత్తి చూపింది.
అంతే. రేకు మళ్ళీ మెల్లగా దించింది,
కింద ఎవరో నిద్రపోతున్నట్టు.

గేటు దగ్గరి బోర్డు మీద
పదకొండు పిట్టల బొమ్మలున్నాయి.
వేళ్ళ సంగతి లేదు.

తిరిగొస్తుంటే, పట్టాలు పీకేసిన చోట
గడ్డిలో ఠక్కున ఆగింది.
కుడికి చూసింది. ఎడమకు చూసింది.
నవ్వబోయి, నేనూ ఆగాను.
ఒక గోధుమరంగు సీతాకోకచిలుక
ఏ తొందరా లేకుండా దాటేదాకా
ఇద్దరం అలాగే నిలబడ్డాం.