నాలుగు బొమ్మలు

గురువారం విడిచి గురువారం మిస్ శిహామ్ వస్తుంది
కేప్‌టౌన్ నుంచి, దుమ్ము కొట్టుకున్న తెల్ల కారులో.
బడి వెనక పాత ఎరువుల కొట్టే ఆమె గది.
ఎంత కడిగినా ఆ వాసన పోదు.
మూడు కుర్చీలు. మూడోది నాది.

మావాడు ఎల్‌రాయ్‌కి తొమ్మిదేళ్లు.
మాటలకేం, కోటలు దాటతాయి.
పెట్రోలు బంకులో ముక్కూమొహం తెలియని మనిషిని ఆపి
కుక్క పేరూ, అమ్మమ్మ కట్టుడు పళ్ల సంగతీ
అన్నీ చెప్పేస్తాడు.
అందుకే నా మాట ఎవరూ నమ్మలేదు.
వాడికి అర్థం కాదండీ అంటే
పెంకితనం అన్నారు ఇన్నాళ్లూ.
బూట్లు విప్పి, చేతులు కడుక్కుని, రొట్టె తీసుకో అంటే
రొట్టె ఒక్కటే వాడి దాకా వస్తుంది.
తక్కిన రెండూ దారిలో దిగిపోతాయి.
మాట నోట్లోనే ఉంది, రావట్లేదు అన్నానొకసారి.
నా దవడ పట్టుకుని, నోరు తెరిచి
లోపల వెతికాడు.

మిస్ శిహామ్‌కి తొందర లేదు.
ఒక మాట. ఆగుతుంది.
ఆ ఆగడం మొదట్లో నాకు భరించరానిదిగా ఉండేది,
వాడి బదులు నేనే చెప్పేసేదాన్ని.
ఇప్పుడు చేతులు తొడల కింద పెట్టుకు కూర్చుంటాను.

బల్ల మీద నాలుగు బొమ్మలు:
గుడ్డు. పగిలిన గుడ్డు. పెనం. కంచం.
ముందు ఏది?
వాడు కంచం తీసి మొదట పెడతాడు.
"ఆకలేస్తోంది మరి."
తప్పని అనదామె. "ఆకలి నిజమే" అంటుంది.
"ముందు" అనే మాటని వాడి బొటనవేలికి కట్టింది,
"తర్వాత"ని చూపుడువేలికి.
పోయినసారి వచ్చేసింది కూడా.
ఇవాళ వేళ్లున్నాయి, మాటలు లేవు.
మళ్లీ కడుతుంది.

ముక్కు కింద అందరికీ ఉండే గాడి వాడికి లేదు.
తుడిచేసిన పలకలా నున్నగా ఉంటుంది.
పుట్టిన రోజు నాకది ముద్దొచ్చింది.
అదేమిటో ఆరేళ్లకు చెప్పాడు డాక్టరు,
నన్ను చూడకుండా, కాగితం చూస్తూ.

ఒక గురువారం, వాడు బయట గొంగళిపురుగు వెంట ఉండగా
మిస్ శిహామ్ ఖాళీ కార్డులు నాలుగు నా వైపు జరిపింది.
"మీకు చెప్పాలనిపిస్తేనే."
పెన్సిలు పక్కన పెట్టి, కిటికీ వైపు తిరిగింది.

ముందు ఏది?
ద్రాక్ష కోతల వేసవి, శుక్రవారం సాయంత్రాలు.
కడుపులో వాడున్నాడని ఐదో నెల దాకా నాకే తెలీదు.
కాదు, దానికి ముందు, చట్టం వద్దన్నాక కూడా
నాన్న కూలిలో కొంత తగరపు మగ్గులోకి వచ్చేది,
వరస చివర నిలబడి తాగి మళ్లీ కత్తెర పట్టేవాడు.
అదే మగ్గులో అమ్మ నాకు టీ పోసేది.
దానికీ ముందు తాత.
తాతకి ముందు ఈ తోట.
కార్డులు చూస్తే నాలుగే.
ఎటు తిప్పి పేర్చినా
ఒకదాంట్లో గ్లాసు నా చేతిలోనే ఉంది.
దాన్ని నాన్న చేతికి మార్చి గీద్దామనుకున్నాను.
గీయలేదు.

ఇంటికి నడుస్తూ ఎల్‌రాయ్ రోజంతా చెప్పుకొచ్చాడు:
ముందు కారు వెళ్లిపోయింది, తర్వాత అమ్మ ఏడ్చింది,
తర్వాత పురుగు, తర్వాత మిస్ వచ్చింది.
దిద్దలేదు నేను. వరస తప్పినా
ఒక్కటీ వదల్లేదు.

రాత్రి పొయ్యి దగ్గర స్టూలెక్కాడు,
గుడ్డు రెండు చేతుల్లో పట్టుకుని.
బొటనవేలు లేపాడు. "ముందు" అన్నాడు.
అక్కడ ఆగిపోయాడు.
నాలుక కొస దాకా వచ్చింది నాకు జవాబు.
పెనంలో నూనె పొగలు కక్కుతోంది.
మంట తగ్గించి,
ఆగాను.