ముప్పై అయిదో సందు

దీపావళి మర్నాడు
వీధిలో తారాజువ్వల పుల్లలు ఏరుకొచ్చి
కిటికీ చెక్కల పగుళ్లలోకి కుక్కాను.
సరిపోయాయి.
నూటపదేళ్ల టేకు,
ఉప్పుగాలికి పళ్లూడిన దువ్వెనలా అయిపోయింది.

సోల్జర్‌పేట సందులో మా అద్దె వాటా.
ఎండాకాలం కోసం కట్టిన ఇల్లిది.
గాలికి దారి వదలమని
ఎవరో ఉప్పు వర్తకుడు మేస్త్రీకి చెప్పాడట,
ఆ మేస్త్రీ చెప్పిన మాట విన్నాడు.
ఇంతెత్తు పైకప్పు, తలుపు మీద రంగద్దాలు రాలిన కన్నాలు,
పెంకుకీ పెంకుకీ మధ్య పీలికలుగా ఆకాశం.
కార్తీకం రాగానే ఉత్తరపు గాలి
అద్దె కట్టని మరో మనిషిలా వచ్చి
మంచం మధ్యలో కూర్చుంటుంది.

విశాఖపట్నంలో చలేంటని నవ్వకండి.
నవ్వేవాళ్లెవరూ మా గుంటని ఎత్తుకోలేదు.
ఏడో నెలకే తొందరపడింది.
కిలో ఏడొందలు.
"చల్లబడనివ్వకండి" అంది కేజీహెచ్‌లో నర్సమ్మ.
ఎలాగో రెండుసార్లు చూపించిందట.
నేను తలుపవతల ఉన్నాను,
మగవాళ్లని నిలబెట్టే చోట.

హీటరు కొన్నాను. ఎర్రటి రెండు కడ్డీలు.
రెండు రాత్రులు బాగానే గడిచాయి.
మూడో రాత్రి మీటరు దగ్గరికెళ్లి చూస్తే
అందులో ఎర్రచుక్క
నా గుండెకన్నా వేగంగా కొట్టుకుంటోంది.
అట్టపెట్టె ఇంకా పారెయ్యలేదు, నయమే.

అప్పుడొచ్చాడు వడ్రంగి గురుమూర్తాచారి.
డబ్బులొద్దన్నాడు, టీ అడిగాడు.
అగరొత్తి వెలిగించి గోడ వెంట నడిపించాడు,
పొగ ఎక్కడ వంగితే అక్కడ
సుద్దముక్కతో ఓ గీత.
"సలి కిటికీలోంచి రాదు నాయనా,
సందులోంచొస్తాది.
సుట్టమైతే కదా తలుపు కొట్టడానికి."
ముప్పై నాలుగు గీతలు తేలాయి.

గుడ్డపీలికలు, ఉడికించిన మైదా జిగురు, పాత పేపర్లు.
పెంకుల కింద ఎరువుల గోనెలు.
తలుపు కింద, ఇసక నింపి కుట్టిన నా పాత ప్యాంటు కాలు.
రంగద్దాల కన్నాలకి పెళ్లికార్డులు అతికించాం.
వాటిలో మాదీ ఉంది.
పొద్దున ఎండ పడితే
పైడితల్లి పేరు తిరగబడి గోడ మీదికి దిగుతుంది.

సందులు తుడుస్తుంటే గుడ్డ నల్లబడింది.
ఎన్ని గుడ్డలు మార్చినా అంతే.
పోర్టు యార్డులోంచి ఏళ్లతరబడి ఎగిరొచ్చిన బొగ్గు,
ఎత్తిపోస్తే చేటెడయింది.
నేను పనిచేసేది అక్కడే, వ్యాగన్లు నింపుతాం.
అది ఎక్కడికో పోయి కరెంటవుతుంది,
కరెంటు బిల్లయి నా పేరు వెతుక్కుంటూ వస్తుంది.
దారిలో జారిపోయిందేమో
పేరూ గీరూ అడక్కుండా ముందే వచ్చి కూర్చుంది.
చేటెడు బొగ్గు నడింట్లో పెట్టుకుని
చలికి వణికింది మేమే కాబోలు.
మా అత్త దాన్ని పారబొయ్యలేదు.
పేడ కలిపి ఉండలు చుట్టి డాబా గోడ మీద ఎండేసింది,
బాయిలర్లో నాలుగు పూటలకొచ్చాయి నీళ్లు.

నిన్న రాత్రి పైడితల్లికి జ్వరం.
గుంటని నాకిచ్చి అటు తిరిగి పడుకుంది.
ఆ వేణ్ణీళ్లతోనే మూడుసార్లు సబ్బు రుద్దుకున్నాను,
గోళ్ల కింద నలుపు నలుపే.
చొక్కా లేకుండా గోడకి జారగిలబడి
రొమ్ము మీద పడుకోబెట్టుకుని దుప్పటి లాక్కున్నాను.
తడి ఆకులా అతుక్కుంది.
కాసేపటికి ఎవరి వేడి ఎవరిదో తెలియలేదు.

సుద్దగీతలు లెక్కపెడుతూ కూర్చున్నాను.
ముప్పై నాలుగూ మూశాం.
ముప్పై అయిదోది ఎక్కడో
సన్నగా ఈల వేస్తోంది.
అగరొత్తి వెలిగించాలి, వెతకాలి.

లేస్తే దీనికి మెలకువొస్తుంది.
వెయ్యనీ ఈల,
రేపు చూద్దాం.