బాకీ నైట్లు

ఎస్తేరు సిస్టరుకు మూడు నైట్లు బాకీ.
నాగరత్నమ్మకు ఒకటి, అదీ పండగ పూట చేసి తీర్చాలంట.
స్టాకు రిజిస్టరు వెనక పేజీలో
పెన్సిలుతో రాసిపెట్టుకుంటా ఈ అప్పులన్నీ.
వడ్డీ అడగరు గానీ
క్యాంటీన్లో ఎదురుపడితే ఒక నవ్వు నవ్వుతారు.
ఆ నవ్వే వడ్డీ.

శనివారం పొద్దున నైటు దిగి
యూనిఫాం సంచిలోకి కుక్కి
కర్నూలు బస్టాండులో కడప బస్సెక్కుతా.
నంద్యాల దాకా చదువు.
ఆళ్ళగడ్డ నుంచి నిద్ర.
మైదుకూరులో కండక్టరు
టికెట్ల మిషనుతో సీటు కమ్మీ మీద కొడతాడు,
"సిస్టరమ్మా, నీ బుక్కు కింద పడె."
గుండె బొమ్మ ఉన్న పేజీ
శెనక్కాయ పొట్టులో దొరుకుతుంది.

పసిబిడ్డ నెత్తిన నరం,
నీళ్ళెండిన ముసలి చేతిలో నరం,
కండ్లు మూసుకుని పట్టగలను నేను.
అయినా క్లాసులో ఆఖరి బెంచీ వెతుక్కుంటా.
ఆ రోజు మేడం బోర్డు మీద ఒక రోగిని రాసి
నా దిక్కు తిరిగి అడిగింది,
"కాశింబీ, నువ్వేమనుకుంటాండావు?"

నోరు పెగల్లేదు.
ఇరవై రెండేళ్ళ సర్వీసులో
ఈ మాట అడిగినవాళ్ళు లేరు.
బీపీ ఎంత అన్నారు,
యూరిన్ ఎంతొచ్చింది అన్నారు,
వార్డు బాయి యాడ సచ్చినాడు అన్నారు.
నేను నింపిన వేల పేజీల అడుగున
ఒకే ఒక వాక్యం
"డాక్టరుకు తెలియజేయడమైనది."
ఎవరు తెలియజేసినారో
ఆ వాక్యంలో ఎంత వెతికినా ఉండరు.

ఇంట్లో ఒకే టేబులు.
ఆ పక్క బిడ్డ ఇంటర్ ఫిజిక్సు, ఈ పక్క నా ఫార్మకాలజీ.
పరుపుల అంగడి మూసి వచ్చిన మా మాబుహుస్సేను
మందుల పేర్లు చదివి నన్ను ఒప్పజెప్పమంటాడు.
ఆయప్ప చదివితే ఏ మందూ గుర్తుపట్టలేను.
పేజీ పేజీకీ ఇంత దూది.
"జీతం పెరుగుతాదా మా?" అంటుంది బిడ్డ.
తెలీదు.
"మరి పోస్టన్నా ఇస్తారా?"
జీవో వస్తాదంటారు కొందరు. రాదంటారు.
"మరెందుకు?"
చపాతీ మాడుతాందని లేచిపోయినా.

ఆదివారం రాత్రి బస్సు దిగి నేరుగా వార్డుకే.
రెండున్నరకు
పత్తికొండ టమోటా రైతు, పదకొండో బెడ్డు,
కడుపునొప్పని చేరినాడు,
దుప్పటి కప్పుకొని కూచొని ఎగశ్వాస.
ఇన్నేళ్ళూ నా స్టెత్తు
మోచేతి మడత దాటి పోలేదు.
ఈసారి చొక్కా పైకెత్తమన్నా.
వీపుకు ఎడమ పక్క, అడుగున,
వేడి పెనం మీద కల్లుప్పు చిటపట.
ఇంకోసారి విన్నా.
కుడి పక్క విని, మళ్ళీ ఎడమకొచ్చినా.

హౌస్ సర్జన్ పిల్లోడు
చెంప మీద చాప అచ్చుతో వచ్చి విన్నాడు.
"ఔను సిస్టర్," అన్నాడు,
ఎక్స్‌రేకు రాసినాడు, తన అక్షరాలతో.
నా పేజీ నేను తెరిచినా.
చెయ్యి అలవాటుకొద్దీ "డాక్టరుకు" దాకా పోయింది.
కొట్టేసి పైన రాసినా:
"ఎడమ ఊపిరితిత్తి అడుగున చిటపట శబ్దం. నేను విన్నాను."
కింద సంతకం, పూర్తి పేరు,
దూదేకుల కాశింబీ.

"ఏమన్నా ఉండాదా మా?" అన్నాడు రైతు.
పెద్ద సారు వస్తాడు, అడుగు
అని నాలిక మీదికొచ్చిన మాట మింగి
స్టూలు దగ్గరికి లాక్కున్నా.

ఎనిమిదికి ఎస్తేరు వచ్చింది తడి జడతో.
"వచ్చే శనివారం నీకు పరీచ్చ కదా," అంది,
"నీ నైటు నేను చేస్తాలే. నవ్వొద్దు, పో."
రిజిస్టరు వెనక పేజీ తిప్పి
మూడును చెరిపి
నాలుగు వేసినా.