ఎంగిలి గాలి

సింహాచలం ఘాట్‌రోడ్డు మూడో మలుపులో
మా పాత ఎస్టీమ్ రొప్పేది
మెట్లెక్కిన ముసలి గుమస్తాలా.

ఆటోనగర్లో దేముడు బానెట్ ఎత్తి
చెయ్యి లోపల పెట్టి చూశాడు.
"కారుది తప్పు నేదు బాబూ,
రేడియేటర్ ఎనకాల
ఎంగిలి గాలి తాగతంది."

హార్బర్లో విప్పేసిన బోటు తాలూకు
అల్యూమినియం గొట్టం ముక్క.
లేత్ మీద వెండి పీచులు చుట్టలు చుట్టలుగా రాలాయి,
ఒకటి అతని మీసంలో చిక్కుకుంది.
టేపు లేదు; బెత్తెడు, పైన రెండు వేళ్లు.
వంపు దగ్గర మాత్రం
మూడుసార్లు బిగించి, మూడుసార్లు తిట్టి విప్పి,
లోపలి గరుకంతా వాటర్ పేపరుతో
పసివాడికి నలుగు పెట్టినట్టు రుద్దాడు.
"గోడ తగిలినట్టు గాలికి తెలకూడదు."

హెడ్‌లైటు పక్కన కొత్త నోరు.
ఆ రాత్రి భీమిలి రోడ్డు మీద
యాక్సిలరేటర్ తొక్కితే
ఓ లోతైన గుటక.
ఇంజిను మొదటిసారి సముద్రాన్ని పీల్చింది.
మైలేజీ? పెరగలేదు. నిజం చెప్పాలిగా.

నెల తర్వాత షెడ్డులోనే ఫిల్టర్ విప్పితే
పోర్టు బొగ్గు నలుపు, మడతల్లో ఉప్పు.
దులుపుతుంటే నాకు దగ్గొచ్చింది,
ఆగలేదు.

దేముడు నవ్వలేదు.
నా ఛాతీ వైపు కాసేపు చూసి
"ఆ సైజు నా కాడ నేదు" అన్నాడు.