ఏడో మలుపు

చెంగల్రాయులు మామ పాత ఓమ్ని కొన్నాడు.
తెల్లారి నాలుగున్నరకే లీలామహల్ సర్కిల్ దాటించాడు
నన్ను, మా మునిలక్ష్మిని, దాని ఒళ్లో నిద్రపోతున్న మూడేళ్ల గగన్‌ని,
సత్తుగిన్నెలో వేడి సంగటిని,
మూత కింద ఘాటుగా ఊరుబిండిని.

ఇరవయ్యారేళ్లు ఆర్టీసీ డ్రైవరు.
మదనపల్లె నైట్ సర్వీసు.
"భాకరాపేట ఘాటులో నేను చూడని జంతువు లేదు,
నిలబడి చూసింది ఒక్కటీ లేదు"
అన్నాడు,
చంద్రగిరి కోట మసగ్గా వెనక్కి జారుతుంటే.

కల్యాణీ డ్యాం మళ్లింపు దగ్గర
రోడ్డు మీద ఏనుగు పెంట.
మామ దిగి, దాని మీదుగా అరచెయ్యి ఆనీ ఆనకుండా పెట్టాడు
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.
"గంట కూడా కాలా."
ఆ గంట
మా పక్కనే చీకట్లో ఎక్కడో
వెదుళ్లు విరుచుకుంటూ నడుస్తోంది.

చెక్‌పోస్టులో టార్చిలైటు మా మొహాలన్నీ తడిమింది.
ఎర్రచందనం దుంగ కోసం వెనక తలుపు తీసిన చెయ్యి
సంగటి గిన్నెకి తగిలి చురుక్కుమంది.
"జంతువుల్ని చూడ్డానికా?
పోండి పోండి, అవే మిమ్మల్ని చూస్తాయి"
గార్డు గొలుసు దించాడు.

మొదటి మలుపు.
"తొంభైయెనిమిదిలో ఈడ కణితి. కొమ్ములు అద్దానికి అడ్డంగా."
మూడో మలుపు.
"ఈడ ఎలుగు. ఈతపండ్ల కాలం.
పిల్లను ఈపున ఏసుకోని పోతా ఉండె."
అయిదు.
"ముందు సీటాయన చిరతను చూసి
నోట్లో పెట్టుకున్న టికెట్టు మింగేసినాడు."

మేం చూసేసరికి ప్రతిచోటా ఖాళీ.
ఎవరో ఇప్పుడే లేచెళ్లిన కుర్చీలు వరసగా వేసినట్టు
అడవి.

తెల్లారింది.
తీగ మీద పాలపిట్ట కూర్చున్నంతసేపూ మట్టిరంగే,
ఎగిరాక కదా నీలం!
బెట్టుడుత ముందు తోకను విసిరి
తర్వాత తను దూకింది.
గగన్ లేచి "కోతి!" అన్నాడు.
వాడికన్నీ కోతులే.
పొదలోంచి మెడ చాపిన నెమలి కూడా.

ఏడో మలుపులో మామ హారన్ కొట్టలేదు.
బండి పక్కకి తీసి తాళం తిప్పేశాడు.
ఇంజను ఆగాకే తెలిసింది
ఇంతసేపూ మేమెంత చప్పుడో.

"ఈడ" అన్నాడు.
చాలాసేపు అదొక్క మాటే.

"దుప్పి పిల్ల.
యెనక యాభై రెండు మంది నిద్దరపోతా ఉండారు.
పక్కన లోయ.
బ్రేకు తొక్కలా.
డిపోలో బంపరు కడుగుతా
ఏందన్నా ఈ మరకా అన్నాడు కుర్రోడు.
మట్టి అన్నా."

మునిలక్ష్మి ఏదో అనబోయింది.
"గమ్మునుండు"
కసురుకున్నట్టు కాదు,
ముందుకి చూడమన్నట్టు.

ముంగిస.
కంచెలోంచి వచ్చి నడిరోడ్డు మీద ఆగింది.
ముందరికాళ్లు ఎత్తి
మా నలుగుర్నీ ఒక్కొక్కరినీ చూసింది.
దానికి ఏ తొందరా లేదు.

కింది మలుపులోంచి టమాటా లారీ మోత.
మామ కిటికీలోంచి చెయ్యి చాపాడు,
అరచెయ్యి విప్పి, అలాగే ఉంచాడు.
లారీ వెనక ఆగింది. డ్రైవరు తిట్టాడు.
తిట్టనీ అన్నట్టు ఆ చెయ్యి కదల్లేదు.

అప్పుడు చూశాను కిందికి.
ఇంజను లేని బండిలో
మామ కుడికాలు
బ్రేకు మీద, వేళ్లు తెల్లబడేలా.

ముంగిస పోయాక కూడా
కొంతసేపు తియ్యలేదు.

భాకరాపేటలో వేపచెట్టు కింద సంగటి తిన్నాం.
మామ రెండు ముద్దలు తిని మూడోది అడిగాడు.
చారల కోతిని చూశానని గగన్ టీకొట్టాయనకి చెప్పాడు,
చారలెక్కడివని ఎవరం అడగలేదు.

తలకోన అడవిలో దేవాంగపిల్లి ఉంటుందట,
రాత్రయితేనే బయటికొస్తుందట అన్నాను.
మామ చేతివేళ్లు నాకుతూ వాచీ చూడబోయి,
మానేసి,
"అయితే రాత్రి దాకా ఉందాం" అన్నాడు.